కంచం పక్కన త్రాసు: ఐదు నెలలు వాడిన కిచెన్ స్కేల్ మీద నా అభిప్రాయం

గత డిసెంబరు మొదటి వారంలో ఆరోగ్య పరీక్షలకు వెళ్ళినప్పుడు నా బరువు 84 కిలోలు, ఎత్తు 168 సెంటీమీటర్లు, నడుము చుట్టుకొలత 101 సెంటీమీటర్లు అని తేలింది. లెక్క వేస్తే బీఎమ్ఐ (ఎత్తును బట్టి బరువు ఎంత ఉందో చెప్పే అంకె) ముప్పైకి కాస్త తక్కువ. మన భారతీయులకు బీఎమ్ఐ 23 దాటితే అధిక బరువనీ, 25 దాటితే స్థూలకాయమనీ, మగవారికి నడుము 90 సెంటీమీటర్లు మించకూడదనీ వైద్యుడు వివరించి, మందులేవీ రాయకుండా, అన్నం మూడో వంతు తగ్గించమని చెప్పి పంపించారు. ఇంటికి వచ్చాక ఆలోచిస్తే దేనిలో మూడో వంతు తగ్గించాలో నాకు తెలియలేదు. మధ్యాహ్నం కూరతో ఒకసారి, పప్పుతో ఒకసారి, చారుతో కొంచెం, చివర పెరుగుతో మరికొంచెం తింటానని చెప్పగలనే గాని, ఆ "కొంచెం" ఎంతో నలభై ఆరేళ్ళుగా నేను ఎన్నడూ చూసుకోలేదు. ఆ సందేహం తీర్చుకోవడానికే 449 రూపాయలు పెట్టి ఆన్‌లైన్‌లో ఒక కిచెన్ స్కేల్ కొన్నాను. ఐదు నెలలుగా గుంటూరులోని మా ఇంట్లో, అమ్మ, నా భార్య, పద్నాలుగేళ్ళ మా అమ్మాయి చూస్తుండగా దాన్ని వాడిన మీదట ఈ సమీక్ష రాస్తున్నాను.

వస్తువు చూడడానికి సాదాగానే ఉంది. తెల్లటి ప్లాస్టిక్ ఒళ్ళు, అరచేతికన్నా కాస్త పెద్దదైన గుండ్రని పీట, ముందు భాగంలో చిన్న తెర, రెండు మీటలు, అడుగున రెండు పెన్సిల్ బ్యాటరీలు. ఒక గ్రాము నుంచి ఐదు కిలోల వరకు తూస్తుందని పెట్టె మీద ముద్రించారు. లోపల లోడ్ సెల్ అనే చిన్న లోహపు కడ్డీ ఉంటుంది. పీట మీద బరువు పడినప్పుడు అది కంటికి కనిపించనంతగా వంగుతుంది, ఆ వంపును విద్యుత్ సంకేతంగా మార్చి తెర మీద అంకెగా చూపిస్తుంది. రెండు మీటల్లో ఎక్కువగా పని పడేది ‘టేర్’ అనే దానితో. ఖాళీ గిన్నె పెట్టి దాన్ని నొక్కితే గిన్నె బరువు పోయి తెర మీద సున్నా వస్తుంది. ఆ పైన వడ్డించినదే లెక్కకు వస్తుంది. అన్నం పెట్టి సున్నా చేసి, పప్పు వేసి మళ్ళీ సున్నా చేసి, ఒకే గిన్నెలో అన్నీ విడివిడిగా తూచుకోవచ్చు.

నాకు మొదట వచ్చిన యంత్రం లోపభూయిష్ఠమైనది. దాన్ని పరీక్షించడానికి కొత్తగా తెచ్చిన లీటరు నూనె ప్యాకెట్టును వాడాను. ప్యాకెట్ల మీద లీటరుతో పాటు 910 గ్రాములని కూడా ముద్రించి ఉంటుంది కాబట్టి, కవరు బరువు నాలుగైదు గ్రాములు కలుపుకుంటే మంచి తూకపు రాయిగా పనికివస్తుంది. పీట నడుమ పెడితే 914 చూపించిన ఆ స్కేలు, అదే ప్యాకెట్టును అంచుకు జరిపితే 887 చూపించింది. అమ్మినవారికి ఫొటోలతో సహా రాస్తే, నా ప్రశ్నతో సంబంధం లేని జవాబులు మూడు వచ్చాయి. నాలుగోసారి ఎవరో నిజంగా చదివినట్టున్నారు, పదకొండు రోజులకు వేరొకటి పంపించారు. ఈ రెండోది నడుమ పెట్టినా, అంచున పెట్టినా 915 దగ్గరే నిలుస్తోంది. ఇటువంటిది కొనేవారు తిరిగి ఇచ్చే గడువు దాటకముందే ఈ నూనె ప్యాకెట్టు పరీక్ష చేసుకోవాలని నా సలహా.

మొదటి వారం ఏమీ తగ్గించకుండా, ఎప్పటిలాగే తింటూ తూచడం మాత్రమే చేశాను. మొదటి రోజు మధ్యాహ్నమే ఒక ఇబ్బంది బయటపడింది. మా ఇంట్లో వాడేది వెడల్పాటి స్టీలు కంచం. దాన్ని పీట మీద పెట్టగానే తెర పూర్తిగా కంచం కిందకు వెళ్ళిపోయింది. నేను తల వంచి కంచం కిందకు తొంగి చూస్తుంటే, అన్నం వడ్డించే హస్తం చేత్తో పట్టుకుని నిలబడిన మా అమ్మ, "ఏరా, తూచి పెట్టిన తిండి ఒంటబట్టదురా" అంది. ఒంటబట్టకూడదనే కదమ్మా తూస్తున్నది అన్నాను గాని, ఆవిడకు నచ్చలేదు. చివరికి ఎత్తైన చిన్న గిన్నె ఒకటి పీట మీద బోర్లించి, దాని మీద కంచం పెట్టి, అప్పుడు సున్నా చేసుకున్నాం. తయారీదారులు మన కంచాలను దృష్టిలో పెట్టుకోకుండా చేసిన వస్తువని అక్కడే అర్థమైంది. అన్నీ వడ్డించేసరికి ఆ మధ్యాహ్నం నేను తిన్న అన్నం 600 గ్రాములకు రెండు గ్రాములు తక్కువ.

ఈ అంకెను చూసి నేను కంగారుపడ్డాను, అయితే అందులో కొంత నా అవగాహనాలోపం కూడా ఉంది. పెట్టెతో పాటు ఇచ్చిన చిన్న పుస్తకంలో వంద గ్రాముల బియ్యానికి సుమారు 350 కేలరీలని ఉంటే, 600 గ్రాముల అన్నానికి రెండు వేలు దాటిందనుకున్నాను. ఆ లెక్క పచ్చి బియ్యానిదని, ఉడికిన అన్నానికి వంద గ్రాములకు 130 కేలరీల చొప్పున చూడాలని తర్వాత గ్రహించాను. రైస్ కుక్కరుతో ఇచ్చే కప్పుతో ఒక కప్పు బియ్యం తూస్తే 148 గ్రాములు వచ్చాయి, వండిన తర్వాత అదే అన్నం 430 గ్రాములైంది. పాత బియ్యం ఇంకా బాగా ఒదుగుతాయి కాబట్టి బస్తా మారినప్పుడల్లా ఈ లెక్క కాస్త మారుతుంది. తూకం వేయడం మొదలుపెట్టేవారు పచ్చి తూకమో, ఉడికిన తూకమో ఏదో ఒకదానికి కట్టుబడి ఉండకపోతే అంకెలన్నీ తప్పుదారి పట్టిస్తాయి. ఆ చిన్న పుస్తకంలో ఈ ఒక్క మాట రాసి ఉంటే ఎంతో మేలు జరిగేది. సరిచేసుకున్న లెక్క ప్రకారం నా మధ్యాహ్నపు అన్నం సుమారు 780 కేలరీలు, అంటే దాదాపు 210 గ్రాముల బియ్యం. హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాలలో, రోజుకు రెండు వేల కేలరీలు తినేవారికి అన్ని పూటలకూ కలిపి సూచించిన ధాన్యాలు 250 గ్రాములు. నేను ఒక్క పూటలోనే దాదాపు అంతా తినేస్తున్నానన్నమాట.

రెండో వారంలో నేను చేసిన పొరపాటు ఒకటి చెప్పాలి, ఎందుకంటే స్కేలు చేతికి వచ్చిన చాలామంది ఇదే చేస్తారనుకుంటాను. అంకె తెలిసింది కదా అని, వైద్యుడు చెప్పిన మూడో వంతు చాలదన్నట్టు, ఒక్కసారిగా అన్నాన్ని సగానికి, 300 గ్రాములకు దించేశాను. మొదటి రోజు గర్వంగానే గడిచింది. రెండో రోజు సాయంత్రానికి చిరాకు, మూడో రోజు నాలుగు గంటలకు తలనొప్పి వచ్చాయి. ఆ రోజు కళాశాల నుంచి వస్తూ బండి దగ్గర ఆగి నాలుగు మిరపకాయ బజ్జీలు తిని, మరో నాలుగు ఇంటికి పొట్లం కట్టించుకున్నాను. ఇంటికి వచ్చి ఆ పొట్లాన్ని స్కేలు మీద పెడితే 268 గ్రాములు చూపించింది. అందులో నూనె ఎంతో చెప్పే శక్తి ఈ యంత్రానికి లేదు. పొట్లం కాగితం మాత్రం చెప్పింది.

ఆకలి ఎందుకు అంతగా తిరగబడిందో తర్వాత చదివి తెలుసుకున్నాను. జపాను శాస్త్రవేత్తలు 1999లో గుర్తించిన గ్రెలిన్ అనే హార్మోను జీర్ణాశయం నుంచి విడుదలై ఆకలిని పుట్టిస్తుంది. మనం రోజూ తినే వేళకు కొంచెం ముందుగా అది పెరుగుతుంది, తిన్న తర్వాత తగ్గుతుంది. బరువు తగ్గుతున్న కొద్దీ గ్రెలిన్ పెరుగుతుంది, కొవ్వు కణాల నుంచి వచ్చి "చాలు" అని మెదడుకు చెప్పే లెప్టిన్ తగ్గుతుంది. అంటే శరీరం తన పాత బరువును కాపాడుకోవడానికి తనవంతు ప్రయత్నం తాను చేస్తుంది. దీన్ని మనోబలం లేకపోవడంగా భావించి మనల్ని మనం తిట్టుకోవడం వల్ల ప్రయోజనం లేదు. ఇంకొక సంగతి: మొదటి వారం పది రోజుల్లో తగ్గే బరువులో ఎక్కువ భాగం నీరే. శరీరం చక్కెరను నిల్వ చేసుకునే రూపమైన గ్లైకోజెన్ ఒక గ్రాము ఖర్చయితే, దాన్ని అంటిపెట్టుకున్న సుమారు మూడు గ్రాముల నీరు కూడా బయటకు పోతుంది. నాకు ఆ మూడు రోజుల్లో కిలోకు పైగా తగ్గి, బజ్జీల తర్వాత రెండు రోజులకు మళ్ళీ వచ్చి చేరింది.

మూడో వారం నుంచి పద్ధతి మార్చి, వారానికి 50 గ్రాముల చొప్పున మాత్రమే తగ్గించాను. ఈ చిన్న యంత్రానికి నేను పెట్టిన డబ్బు ఇక్కడే గిట్టుబాటయింది. 600 నుంచి 550కి దిగినప్పుడు కంచంలో తేడా కంటికి తెలియదు, కడుపుకూ తెలియదు. యాభై గ్రాములంటే రెండు ముద్దలు. గరిటెతో, అంచనాతో ఇంత సన్నగా తగ్గించడం నా వల్ల అయ్యేది కాదు. అంచనాతో తగ్గించినప్పుడు మొదటి రోజు మరీ తక్కువ, నాలుగో రోజు మరీ ఎక్కువ వడ్డించుకుంటామని తూచి చూసుకున్నాకే తెలిసింది. ఏడు వారాల్లో 300 గ్రాములకు చేరాను. నడుమ సంక్రాంతి వచ్చింది; పండుగ మూడు రోజులు స్కేలు అటక మీద పెట్టేశాం, ఆ వారం ఒక మెట్టు దిగకుండా ఉన్నచోటనే ఉండిపోయాను. అంతకుమించి నష్టం జరగలేదు.

అన్నం తగ్గినంత మేర కంచంలో ఖాళీ మిగలకుండా చూసుకోవాలి, లేకపోతే చూపుకే ఆకలి వేస్తుంది. అన్నం 600 గ్రాములున్నప్పుడు కూర 90 గ్రాములు ఉండేది. ఇప్పుడు అన్నం 300, కూర 220. పప్పును పలచగా కాకుండా గట్టిగా వండమని చెప్పాం. ఆకుకూర పప్పు అయితే సాయంత్రం దాకా ఆకలి వేయడం లేదని గమనించాను, ఆలుగడ్డ వేపుడు రోజున మూడున్నరకే కడుపు అడుగుతుంది. పెద్ద కంచం స్థానంలో మా అమ్మాయి చిన్నప్పటి కంచం దింపాము. భోజనానికి ముందు ఒక గ్లాసు పలుచని మజ్జిగ తాగుతున్నాను. తిన్నామనే కబురు మెదడుకు పూర్తిగా అందడానికి దాదాపు ఇరవై నిమిషాలు పడుతుందంటారు. నేను ఏడు నిమిషాల్లో భోజనం ముగించే మనిషిని కాబట్టి, మారు వడ్డన అడగబోయే ముందు పది నిమిషాలు ఆగాలని నియమం పెట్టుకున్నాను. పది నిమిషాల తర్వాత అడిగిన రోజులు నెలకు మూడో నాలుగో ఉన్నాయి. ఆ రోజుల్లో నిజంగానే ఆకలి వేసింది, తిన్నాను.

రాత్రిపూట అన్నం మానేసి చపాతీ తింటే బరువు తగ్గుతారన్న నమ్మకాన్ని కూడా ఈ స్కేలు కొంత సడలించింది. వంద గ్రాముల గోధుమపిండికి, వంద గ్రాముల బియ్యానికి కేలరీల్లో చెప్పుకోదగ్గ తేడా లేదు. గోధుమపిండిలో పీచు బాగా ఎక్కువ, మాంసకృత్తులు కొంచెం ఎక్కువ, అంతే. మా ఇంటి పుల్కాకు పిండి 28 గ్రాములు పడుతోంది. నూనె వేసి కాల్చిన చపాతీ నాలుగు తినడం కన్నా, తూచుకున్న అన్నం తినడం నాకు సుఖంగా ఉంది. ఎవరి అలవాటు వారిది.

ఇక నూనె, నెయ్యి విషయంలో ఈ యంత్రం బలహీనత ఒకటి ఉంది. బాణలి కింద స్కేలు పెట్టి నూనెను సన్నని ధారగా పోస్తే, అంకె చాలాసేపు సున్నా దగ్గరే ఉండిపోతుంది. చవక రకం స్కేళ్ళు చాలా నెమ్మదిగా పెరిగే బరువును యంత్రంలో కలిగే చిన్న తడబాటుగా లెక్కించి, తమంతట తామే సున్నాకు సర్దుకుంటాయి. దీనికి నా భార్య కనిపెట్టిన ఉపాయం బాగుంది: నూనె సీసానే స్కేలు మీద పెట్టి సున్నా చేసి, సీసా తీసి కూరలో పోసి, తిరిగి స్కేలు మీద పెడితే, పోసినంత నూనె బరువు ముందు మైనస్ గుర్తుతో కనిపిస్తుంది. ఒక టేబుల్ స్పూను నూనె సుమారు 14 గ్రాములు, అంటే గ్రాముకు 9 చొప్పున 126 కేలరీలు. అమ్మ ప్రేమగా వేసే ఒక చెంచా నెయ్యి 11 గ్రాములు తూగింది. ముప్పావు వంతు కప్పు అన్నం తగ్గించడానికి వారాల తరబడి తంటాలు పడ్డవాడిని, ఆ 11 గ్రాములను ఒక్క మాటతో ఐదు గ్రాములకు దించగలిగాను. మునుపు నలుగురికి నెలకు ఐదు లీటర్ల నూనె అయ్యేది, అంటే తలకు రోజుకు 38 గ్రాములు. ఇప్పుడు నాలుగు లీటర్లు, అంటే ముప్పై. పోషకాహార సంస్థ సూచించిన 27కు ఇంకా కొంచెం దూరంలోనే ఉన్నాం.

చిన్నచిన్న చికాకులు మరికొన్ని ఉన్నాయి. రెండు నిమిషాలు ఏమీ కదపకపోతే స్కేలు దానంతట అది ఆగిపోతుంది, ఆగితే పెట్టిన సున్నా పోతుంది. ఒకసారి చారు తిరగమోత కోసం ఎదురుచూస్తుండగా ఇలా జరిగి మొత్తం మళ్ళీ మొదలుపెట్టవలసి వచ్చింది. వేడి గిన్నె నేరుగా పెడితే అంకె నిలకడగా ఉండదు. తడి చేత్తో నొక్కితే మీటలు పలకవు. బ్యాటరీలు నాలుగు నెలలు వచ్చాయి. ఉప్పు, పసుపు వంటి ఒకటి రెండు గ్రాముల వస్తువులకు దీన్ని నమ్మవద్దు. కిలోల లెక్కన తూచేటప్పుడు మాత్రం బాగా పనిచేస్తోంది. మొన్న ఆవకాయకు ఆవపిండి, కారం, ఉప్పు సమానంగా తూచడానికి దీన్ని అడిగి తీసుకున్నది మా అమ్మే. ఈ ఏడాది ఉప్పు సరిగ్గా కుదిరిందని ఒప్పుకుంది గాని, కంచం దగ్గర స్కేలును ఇప్పటికీ ఆవిడ ఒప్పుకోదు.

ఆవిడ అభ్యంతరంలో న్యాయం లేకపోలేదని మూడో నెలలో తెలిసింది. ఒక రాత్రి వంటగదిలోకి వెళ్ళేసరికి మా అమ్మాయి తన అన్నం గిన్నెను స్కేలు మీద పెట్టి చూసుకుంటోంది. ఎంతుంది అని నేను అడగలేదు. ఎందుకమ్మా అంటే, "ఊరికే నాన్నా, మీరు చూసుకుంటున్నారు కదా" అంది. ఎదిగే పిల్లలు తూచుకుని తినవలసిన పని లేదని, ఇది నా వైద్యుడు నాకు చెప్పిన లెక్క మాత్రమేనని కూర్చోబెట్టి చెప్పాను. ఆ మర్నాటి నుంచి నా భాగాన్ని వంటగదిలోనే ముందుగా తూచుకుని, భోజనాల బల్ల దగ్గరకు స్కేలు తేవడం మానేశాను. ఇంట్లో పిల్లలున్నవారు ఈ జాగ్రత్త మొదటి రోజు నుంచే తీసుకుంటే మంచిది. అలాగే మధుమేహానికి ఇన్సులిన్ గాని, రక్తంలో చక్కెర మరీ పడిపోయేలా చేయగల మాత్రలు గాని వాడేవారు వైద్యునికి చెప్పకుండా అన్నం తగ్గించకూడదు. మందు మోతాదు మారవలసి రావచ్చు. గర్భిణులకు ఈ ప్రయోగమే వద్దు.

నాలుగో నెల నుంచి తూచడానికి ముందు అంచనా చెప్పుకోవడం ఆటగా పెట్టుకున్నాను. మొదట్లో 300 అనుకుని వడ్డించుకున్నది 420 దాకా ఉండేది. ఇప్పుడు తప్పు ఇరవై గ్రాములకు మించడం లేదు. మన పెద్దలు గిద్ద, సోల, తవ్వ, మానికలతో కొలిచి ఎసట్లో పోసేవారు. మనిషికి ఎంత బియ్యం పడతాయో వారికి చేతిలోనే ఉండేది. నాకు ఆ కొలత కంటికి రావడానికి నాలుగు నెలలు పట్టింది. పెళ్ళిళ్ళకు, బంధువుల ఇళ్ళకు వెళ్ళినప్పుడు ఈ కంటి కొలతే పనికివస్తోంది. కాకపోతే బిర్యానీ ముందు అది ఇంకా కుదరడం లేదు.

మే మొదటి వారానికి నా బరువు 78 కిలోల 200 గ్రాములు, నడుము 94 సెంటీమీటర్లు. ఆకలి పూర్తిగా సర్దుకుందని చెప్పను. మధ్యాహ్నం ఒంటిగంటకు వేసే ఆకలి మెత్తబడింది, 300 గ్రాములతో తృప్తిగా లేవగలుగుతున్నాను. సాయంత్రం నాలుగు గంటలది మాత్రం పోలేదు, దానికి గుప్పెడు వేయించిన శనగలు ఇచ్చి పంపిస్తున్నాను. ప్రస్తుతం స్కేలును వారానికి ఒక్క ఆదివారం మాత్రమే, కన్ను దారి తప్పలేదని చూసుకోవడానికి తీస్తున్నాను.

కొనదలచినవారు మూడు వేలు పెట్టి ఫోనుతో కలిసే రకం తీసుకోనక్కరలేదు. ఐదు వందల లోపుది చాలు, కాని తెర పీటకు బాగా ముందుకు వచ్చి ఉన్నదో, తీగతో విడిగా బయటకు వచ్చేదో అయితే మన కంచాలకు అనువుగా ఉంటుంది. పీట విడదీసి కడుక్కునే వీలుందో లేదో చూసుకోండి; మా దానికి లేదు, అందుకే అంచుల్లో పసుపు మరక అలాగే నిలిచిపోయింది. ఐదుకు మూడున్నర ఇస్తాను, తగ్గించిన ఒకటిన్నర ఆ పదకొండు రోజుల నిరీక్షణకు, కంచం కింద దాగిన తెరకు.